సగం గొరిగిన తల

ఒకానొక రాజ్యంలో బురదంటే ఒళ్లు మండిపోయే రాజొకడు ఉండేవాడు. పేరు రత్నకేతుడు. ఓసారి పట్టుపంచె అంచుకు కాస్త మట్టి అంటిందని, నగరంలో మట్టన్నదే కనిపించకూడదని ఆజ్ఞాపించాడు. ఇంకేం! గడ్డి చెక్కేశారు, చెట్లు కొట్టేశారు, గుంటలు పూడ్చేశారు, కోట నుంచి పల్లం దాకా సందు లేకుండా నాపరాళ్లు పరిచేశారు. ఆ నున్నటి వీధులు చూసుకుని రాజు తెగ మురిసిపోయాడు.

వానాకాలం వచ్చింది. ఒక్క చుక్క ఇంకితే ఒట్టు! ఊరి మీద పడ్డ నీరంతా రాళ్ల మీదుగా ఉరుక్కుంటూ వెళ్లి పల్లంలోని సాలెవాడను ముంచేసింది. సాలెవాళ్లు నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని మగ్గం నేస్తారు. వీరమ్మ అనే ముసలమ్మ మగ్గం మీది నూలు తడవకుండా కాపాడబోయి ఆ గుంటలోనే మునిగి చచ్చిపోయింది.

రాజాస్థానంలో హాస్యగాడైన కదిరప్పకు ఆమె మేనత్త. పిల్లల్లేని ఆ మనిషికి కొరివి పెట్టింది అతడే. రోజూ సభను నవ్వించేవాడు, ఆనాడు కుళ్లి కుళ్లి ఏడ్చాడు పాపం.

ఆ కబురు విని రాజు మాత్రం విసుక్కున్నాడు. "వాన కురిపించింది నేనా? పల్లంలో వాళ్లనెవరు ఉండమన్నారు? మళ్లీ వాన పడేలోగా సాలెవాళ్లను గుట్ట అవతలికి వెళ్లగొట్టండి!"

మర్నాడు కదిరప్ప సభకు వచ్చాడు. తల కుడి సగం నున్నగా గొరిగి ఉంది, ఎడమ సగం ఒత్తుగా జుట్టు. సభంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

"ఏమిట్రా ఈ వేషం?"

"తమ నగరం ప్రభూ! కుడివైపు కొత్తది, ఎడమవైపు పాతది. తమ చేత్తో ఓ చెంబెడు నీళ్లు నడినెత్తిన పోయండి, ఏది మేలో తేలిపోతుంది."

రాజు సరదాపడి పోశాడు. గొరిగిన వైపు నీళ్లు జర్రున జారి కంట్లో పడ్డాయి. జుట్టున్న వైపు నీళ్లు కుదుళ్లలో నిలిచి, చెవి పక్కన ఒక్కో బొట్టుగా రాలాయి.

కదిరప్ప కన్ను నులుముకుంటూ, "పల్లంలో ఉండటం ఈ కంటిదే తప్పు ప్రభూ. పీకి గుట్ట అవతల పారేయమంటారా?" అన్నాడు.

రాజు నవ్వు ఆగిపోయింది. "సగమే ఎందుకు గొరిగించావురా?" అని అడిగాడు.

"ఈ సగం మా అత్త పోయినందుకు. మిగతా సగం, వచ్చే వానకు పోయేవాళ్ల కోసం అట్టేపెట్టాను."

రాజు చేతిలోని చెంబు పక్కన పెట్టేశాడు.

"ఏం చేయమంటావు?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"బండి నడిచేంత మేర రాళ్లుంచి మిగతావి పెరికించండి. వీధి వారన గుంటలు తీయించి గరిక, వట్టివేళ్లు నాటించండి. పడ్డ వానను పడ్డచోటే ఇంకనివ్వండి."

"మళ్లీ నా పంచెకు మట్టి అంటుతుందే!"

"మట్టిదేముంది ప్రభూ, ఉతికితే పోతుంది. పోయిన మా అత్తే రాదు."

రాజు నవ్వబోయాడు గానీ నవ్వు పూర్తిగా రాలేదు. వెళ్లగొట్టమన్న ఆజ్ఞ అక్కడికక్కడే రద్దుచేశాడు, కోట ముందు రాళ్లే మొదట పెరికించమన్నాడు. తన కంకణం తీసి కదిరప్ప చేతికి తొడిగాడు.

కదిరప్ప ఆ కంకణం పెట్టుకుని నేరుగా సాలెవాడకు పరుగెత్తాడు. వాడకట్టంతా సంతోషంతో అతణ్ణి చుట్టుముట్టింది. వీరమ్మ ఇంటి తలుపు మాత్రం మూసే ఉంది.