బచన్ బీజీ వేలు

తప్పు నాది కాదని చెప్పించుకోవడానికే ఆ రోజు జ్ఞానీజీ దగ్గరికి వెళ్లాను. సలహా కోసం కాదు.

మాది హైదరాబాదులో ఒక గురుద్వారా మేడమీద నడిచే ఆదివారపు బడి. పంజాబీ రాయడం, చదవడం, తలపాగా చుట్టడం, ప్రార్థనలు నేర్పుతారు. ముత్తాతల కాలంలో ఎప్పుడో ఇక్కడికి వచ్చి స్థిరపడిన సిక్కు కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, కోపం వస్తే హిందీ. పంజాబీ ముసలివాళ్ల నోళ్లలో మాత్రం మిగిలింది. నాకు ఆ లిపి ఎవరూ నేర్పలేదు. ఫోన్ చూసి నాలుగు నెలల్లో నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పేదాన్ని. బడి నడిపే జ్ఞానీ ఉత్తమ్ సింగ్‌గారు అదీ విన్నారు. విని, చిన్నపిల్లల తరగతి నాకు అప్పగించారు.

ఆరుగురు పిల్లలు, ఒక అరవై ఆరేళ్ల మనిషి. బచన్ బీజీ. మాలో పెద్దావిడని బీజీ అంటారు. మనవరాలు సెహజ్ పక్కనే చాప మీద కూర్చునేది. చిన్నప్పుడు బీజీని బడికి పంపలేదట. గురువు పుట్టినరోజు పండుగ గురుపురబ్ నాడు అందరి ముందూ నిలబడి, పుస్తకం చేత పట్టుకుని, పొద్దుటి ప్రార్థనలో ఒక్క భాగం చదవాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. జాబితాలో ఆమె పేరు రాసింది నేనే.

ఒక ఆదివారం బీజీ చదువుతోంది. ఎక్కడా తడబాటు లేదు. ఎంత బాగా నేర్పానో అని మురిసిపోతూ వంగి చూశాను. నోరు ఐదో భాగంలో ఉంది. వేలు అవతలి పేజీలో ఉంది. ఆమె చదవడం లేదు. ఎప్పటినుంచో కంఠతా వచ్చినదే అప్పజెబుతోంది.

"బీజీ, మీరెక్కడ చదువుతున్నారో మీ వేలికి తెలిసినట్టు లేదే," అన్నాను.

తరగతంతా విన్నది. పిల్లలు నవ్వారు. సెహజ్ కూడా నవ్వింది. బీజీ కూడా కాస్త నవ్వి, పుస్తకం మూసి, గుడ్డలో చుట్టి, అరలో పెట్టింది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. కింద వంటగదిలో అందరికీ రొట్టెలు చేసేది, మేడ మాత్రం ఎక్కేది కాదు. గురుపురబ్ పది రోజుల్లోకి వచ్చింది.

"ఆమెకి చదవడం రాదు జ్ఞానీజీ," అన్నాను. "వచ్చని అబద్ధం చెప్పమంటారా? రేపు అందరి ముందూ దొరికిపోతే? నేను చెప్పింది నిజమే కదా."

ఆయన నా చేతిలోని ప్రార్థన పుస్తకం తీసుకుని, గుడ్డలో చుట్టి, అరలో పెట్టారు.

"కింద మనుషులు తక్కువున్నారు. పిల్లల్ని తీసుకుని పద."

"మరి నేను అడిగింది?"

"ముందు పిండి ఆరిపోతుంది, పుత్తర్." ఆడపిల్లలైనా మగపిల్లలైనా ఆయన పిలుపు అదే, బిడ్డా అన్నట్టు.

వంటగదిలో నన్ను సరిగ్గా బీజీ పక్కనే కూర్చోబెట్టారు. ఆమె తలెత్తకుండానే నాలుగు ఉండలు నా వైపు తోసింది. నేను ఒత్తిన మొదటి రొట్టె ఎత్తి సెహజ్‌కి చూపించింది.

"ఇది ఏ దేశం పటం?"

పిల్లలు పడిపడి నవ్వారు. ఈసారి నన్ను చూసి.

మా దగ్గర చేతులు పనిచేస్తుంటే నోరు ఊరుకోకూడదు. ఒకరు ప్రార్థన ఎత్తుకుంటే మిగతావాళ్లు వెనకాల అంటారు.

"నిర్లేప్, పొద్దుటి ప్రార్థన నువ్వు ఎత్తుకో," అన్నారు జ్ఞానీజీ.

నాకేం భయం? రోజూ చదివేదే. నాలుగు భాగాలు పరుగెత్తినట్టు వెళ్లిపోయాయి. ఐదో దాంట్లో నాలుక ఆగిపోయింది. పేజీ కళ్ల ముందు కనిపిస్తోంది. దాని మీద అక్షరాలే లేవు. చుట్టూ అప్పడాల కర్రలు ఆగాయి. చెయ్యి జేబులో ఫోన్ వైపు వెళ్లింది.

"పిండి చేతులు," అన్నారు జ్ఞానీజీ.

చేతులు కడుక్కోకుండా ప్రార్థన తెరవం. పుస్తకమైనా ఫోనైనా.

అప్పుడు పక్కనుంచి వినిపించింది. బీజీ రొట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి తడుతూ తర్వాతి పంక్తి అంది. ఉప్పు ఇటు జరపమన్నట్టు, నాకు వినపడేంత మాత్రమే. నేను అందుకున్నాను. అందరూ నా వెనకాల అన్నారు.

ఇంకా చాలాసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా అందించింది. ఒక్కసారీ నా వైపు చూడలేదు.

అయిపోయాక సెహజ్ అంది, "దీదీకి మొత్తం వచ్చేసింది నానీ."

"వచ్చు మరి," అంది బీజీ.

ఆ మాట ఇవాళ్టికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. జ్ఞానీజీ ఇప్పుడైనా ఏదో ఒకటి అంటారని చూశాను. ఆయన నా రొట్టె ఒకటి తీసుకుని, పప్పులో ముంచుకుని తింటున్నారు. "మందంగా ఉంది," అన్నారు.

ఆ వారమంతా తల పగిలిపోయింది. కంఠతా వస్తే చాలనా? అలాగైతే ముప్పై ఏళ్లుగా ఈయన మేడమీద అక్షరాలెందుకు దిద్దిస్తున్నారు? నేను చెప్పింది నిజం కాదా? నిజమే. మరి నాకెందుకిలా ఉంది? ఒక పూట ఆయన మీద కోపం, ఒక పూట బీజీ మీద. రెండూ నిలవలేదు.

ఆదివారం బీజీ మేడెక్కి వచ్చింది. నేను పిలవలేదు. పిలవాలని రెండుసార్లు వాళ్ల వీధి దాకా వెళ్లి తిరిగొచ్చాను. చేతులు కడుక్కుని, పుస్తకం విప్పి, వెనక కూర్చుంది. వేలు మళ్లీ అవతలి పేజీలోనే ఉంది. నోరు సరిగ్గానే నడుస్తోంది.

గుమ్మంలో జ్ఞానీజీ నిలబడి ఉన్నారు.

ఏం చెయ్యాలో తెలియలేదు. వెళ్లి బీజీ పక్కన కూర్చున్నాను. కాలిన మచ్చలున్న ఆ వేలు పట్టుకుని, ఇవతలి పేజీకి తెచ్చి, ఆమె అంటున్న మాట కింద పెట్టాను. తర్వాతి మాట కిందికి జరిపాను. ఆ తర్వాతి మాట కిందికి.

బీజీ నోరు ఆగింది. వంగి చాలాసేపు చూసింది.

"ఇదేనా అది?" అంది మెల్లగా. "పెళ్లికి ముందునుంచీ అంటున్నాను. ఇలా ఉంటుందా."

ఆమె వేలు అక్కడినుంచి తియ్యలేదు. నేనూ నా చెయ్యి తియ్యలేదు.

బడి వదిలాక మెట్ల దగ్గర జ్ఞానీజీని పట్టుకున్నాను. "నాకేం అర్థం కావడం లేదు. ఆ రోజు చెప్పిందే కదా నేను ఇవాళా చెప్పాను. వేలు తప్పు చోట ఉందనే కదా."

ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"చెప్పావా?" అన్నారు. "గుమ్మంలోనే ఉన్నానే. నాకేం వినపడలేదు, పుత్తర్."