రాజమర్యాదలకు వాడిపోయిన మంచుకొండ మొక్క

పొన్నవరం రాజు ఉద్దండవర్మకు ఏది తోచినా తోచిన క్షణాన జరిగిపోవాలి. ఒక వర్తకుడు మంచుకొండల నుంచి తెచ్చిన బెత్తెడు మొక్కను చూసి ఆయన మనసు పారేసుకున్నాడు. అది ఏ కాలంలోనూ ఆకు రాల్చదట, వేసవి మొదట్లో ఒళ్లంతా గులాబీరంగు పూలు పూస్తుందట.

"దీనికి మన తోటలో రాజమర్యాదలు జరగాలి," అన్నాడు.

అంతే, ఉద్యానపండితుడు సర్వజ్ఞశేఖరుడు నడుం బిగించాడు. ఆయనకు తెలియని విద్య లేదు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు. మొక్కను మెత్తటి పశువుల ఎరువులో పాతించి, పూటపూటా పాలతో అభిషేకం చేయించి, గాలి సోకకుండా పట్టుగుడారం కట్టించాడు. అదొక్కటే తక్కువైనట్టు సాంబ్రాణి కూడా వేయించాడు.

విదూషకుడు బుచ్చన్న అది చూసి, కొత్త అల్లుడికి పట్టెమంచం వేయలేదేమని నవ్వాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బుచ్చన్న నోరు ఏనాడూ మంచిది కాదు.

నాలుగు రోజుల్లో మొక్క పసుపుపచ్చబడి, మొదలు దగ్గర కుళ్లసాగింది. అదంతా బుచ్చన్న దిష్టేనని పండితుడు చెప్పాడు, రాజు నమ్మాడు. వేరే కారణం రుజువు చేయకపోతే మర్నాడే పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటమన్నాడు. బుచ్చన్న అప్పటికప్పుడే వర్తకుడి బసకు పరుగెత్తి, ఆ మొక్క పుట్టిల్లు ఎలాంటిదో అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు సభలో చేతులు జోడించి, మొక్కకు జరిగిన మర్యాదలు పండితులవారికి జరగకపోవడం అన్యాయమని, ఒక్కపూట ఆయనకూ జరిపించమని వేడుకున్నాడు.

"ఆలస్యమైనా గుర్తించారు," అన్నాడు పండితుడు తల పంకించి.

రాజు సరేననడంతో సభంతా తోటకు కదిలింది. పండితుడిని నడుం దాకా ఎరువులో కూర్చోబెట్టారు. నెత్తిన కడవలకొద్దీ పాలు పోశారు. గుడారం బిగించి సాంబ్రాణి పొగ వేశారు. ఎండ ఎక్కేసరికి ఈగలు కూడా మర్యాద చేయడానికి వచ్చాయి.

కాసేపటికే లోపలి నుంచి దగ్గుతో కలిసి మొర వినిపించింది.

"మహాప్రభూ, ఈ మర్యాదలు నాకొద్దు. ఇంత గాలి తగిలే చోట ఏ రాతి మీదైనా కూర్చోనివ్వండి."

బుచ్చన్న రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, ఆ మొక్క పుట్టింది చల్లగాలి తగిలే రాళ్ల సందుల్లో. వేరు దగ్గర తడి నిలిస్తే బతకదు. ఇన్నాళ్లూ అదీ ఇదే మొర పెట్టుకుంది. పాపం, దానికి పండితులవారికున్నంత నోరు లేదు."

రాజు పగలబడి నవ్వాడు. వెంటనే సభంతా నవ్వింది. రాజు ఆ మొక్కలో మిగిలిన పచ్చికొమ్మలను నీడపట్టున గులకరాళ్ల మధ్య నాటించే పని బుచ్చన్నకే అప్పగించి, తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

పండితుడిని బయటికి తీయాలన్న సంగతి మాత్రం ఆ నవ్వుల్లో ఎవరికీ గుర్తు రాలేదు.