అందరూ రాజులే

గరుడాద్రి రాజు రణమల్లుడికి ఒక సరదా పుట్టింది. రాజులకు సరదా పుడితే నడుములు విరిగేది జనానికే. తాటాకులన్నీ అటకెక్కించి, రాజ్యంలోని ఆజ్ఞలన్నీ కంప్యూటర్‌లో పెట్టించాడు. దానికి అధికారి దిండిమశర్మ. ఆయన పిలక ఎంత పొడవో, గొప్పలు అంతకు రెండింతలు.

"ఆజ్ఞ రాయగానే, 'ఇక్కడ కూర్చున్నదెవరు?' అని యంత్రం తనను తానే అడుగుతుంది ప్రభూ. వచ్చిన పేరును ఆజ్ఞ కింద వేసేస్తుంది. ఇక దొంగాజ్ఞలు చెల్లవు," అన్నాడు.

చెప్పనిది ఒకటుంది. మనిషికో పేరు, మనిషికో పాస్‌వర్డ్ ఇవ్వడానికి బద్ధకించి, దివాణంలో అందరికీ రాజుగారి పేరే పంచిపెట్టాడు. వంటవాడు వెళ్లి కూర్చున్నా యంత్రం లెక్కలో వాడు రాజే.

వారం తిరక్కుండా సాలెవీధి కాలువ ఎండింది. నీళ్లు శర్మగారి మామిడితోటకు మళ్లాయి.

రాజుగారికి తాంబూలం అందించే సింగారమ్మ పుట్టిల్లు ఆ వీధిలోనే. నూలుకు రంగులద్దడానికి నీళ్లు లేక మగ్గాలు ఆగాయని అన్నయ్య కబురు పెడితే ఆమె కడుపు మండింది. కాలువ మళ్లించమని ఆజ్ఞ ఇచ్చారా అని సభలోనే రాజును అడిగేసింది.

"అలాంటి ఆజ్ఞ ఇచ్చినట్టు నాకు గుర్తు లేదే," అన్నాడు రాజు.

శర్మ కంప్యూటర్ చూపించాడు. ఆజ్ఞ కింద 'రణమల్ల మహారాజు' అని ఉంది.

"ప్రభువులకు వెయ్యి పనులు, మరిచిపోయి ఉంటారు. యంత్రం అబద్ధమాడదు. దాన్ని కాదంటే రాజాజ్ఞను కాదన్నట్టే సింగారమ్మా."

"నేనెందుకు కాదంటాను బాబూ," అంది సింగారమ్మ.

మర్నాడు సభలోకి క్షురకుడు పుల్లన్న వచ్చాడు. నేరుగా శర్మ వెనక్కి పోయి పిలక ముడి విప్పాడు.

"ఏమిట్రా ఇది?"

"తమకు గుండు కొట్టమని రాజాజ్ఞ, శర్మగారూ. పొద్దున్నే కంప్యూటర్‌లో వచ్చిందట. కదలకండి, తెగుతుంది."

శర్మ యంత్రం దగ్గరకు పరుగెత్తాడు. ఆజ్ఞ ఉంది. కింద రాజు పేరూ ఉంది.

"ప్రభూ, ఇది మీరు రాసింది కాదు. ఎవరో మీ పేరుతో దూరి రాశారు."

"అదెలా కుదురుతుందయ్యా? పేరు నాదేగా," అన్నాడు రాజు.

వెంటబడి వచ్చిన పుల్లన్న కత్తి శర్మ నడినెత్తిన చల్లగా తగిలింది.

"పేరుదేముంది ప్రభూ! అందరికీ మీ పేరే ఇచ్చాను. ఏ వెధవ కూర్చున్నా అది మీరే అంటుంది," అనేసి శర్మ నాలిక కరుచుకున్నాడు.

"అయితే కాలువ మళ్లించిన రాజు ఎవరో బాబూ?" అంది సింగారమ్మ, ఆకుకు సున్నం రాస్తూ.

శర్మ రెండు చేతులతో నెత్తి కప్పుకున్నాడు.

రాజు ఆమె వైపు తిరిగాడు. "మరి ఈ గుండు ఆజ్ఞ రాసిందెవరు?"

"తమరే ప్రభూ. కావాలంటే యంత్రాన్ని అడగండి."

సభ గొల్లుమంది. రాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, మెడలోని హారం తీసి సింగారమ్మ చేతిలో పెట్టాడు. నీళ్లు ఆ పూటే సాలెవీధికి మళ్లించమన్నాడు. శర్మ పిలక ముడి వేసుకోబోయాడు.

"ఉండవయ్యా," అన్నాడు రాజు. "నా ఆజ్ఞేనట కదా. కానియ్ పుల్లన్నా."