ఊఁ కొట్టని రాకుమారుడు

అనగనగా చంపావతి నగరాన్ని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులంటే, చిక్కంతా మూడోవాడితోనే అని మీకీపాటికి తెలిసే ఉంటుంది. పెద్దవాడికి గుర్రాల పిచ్చి. రెండోవాడికి కత్తుల పిచ్చి. మూడోవాడు విరజుడికి కథ పిచ్చి. అన్ని కథలూ కాదు, ఒకే ఒక్క కథ. తనను పెంచిన దాది గౌరమ్మ చెప్పే మేఘదీవుల కథ.

ఆ దీవుల్లో ఏ నది ఎటు పారుతుందో, ఏ కోటకు ఎన్ని ద్వారాలో, వీరుడు ధవళకేతుడి గుర్రానికి తల్లెవరో అతనికి కంఠతా వచ్చు. భోజనాల దగ్గర అన్నలెవరైనా పొరపాటున "తూర్పు దీవి" అన్నారా, "తూర్పున దీవి ఎక్కడిది అన్నయ్యా? ఉన్నది సుడిగుండం!" అని నోటిదాకా వచ్చిన ముద్ద దించేసి వాదనకు దిగేవాడు.

అయితే ఆ కథకు చివర లేదు. రాక్షసుడు ఎత్తుకుపోయిన తల్లిని వెతుక్కుంటూ ధవళకేతుడు మబ్బుకొండ గుహలో అడుగు పెడతాడు. గౌరమ్మ అక్కడ ఆగిపోయేది.

"తల్లి బతికుందా, లేదా?"

"మా అమ్మ నాకు చెప్పింది అంతవరకే నాయనా. లేనిది ఎక్కణ్ణించి తెచ్చి చెప్పను?"

ఇక విరజుడికి కాలు నిలిస్తే ఒట్టు. అన్నం సయించదు, నిద్ర పట్టదు. పెళ్ళి మాటెత్తితే "ముందు ఆ తల్లి సంగతి తేలనీయండి" అనేవాడు. రాజుగారు విసిగిపోయి, "ఆ దీవులేవో చూసుకునే రా, ఫో!" అన్నాడు. అన్నదే తడవు బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున కొండంత తాబేలు ఉంది. గౌరమ్మ కథలో తాబేలుకు బెల్లమంటే ప్రాణం కదా! విరజుడు బెల్లం దిమ్మ ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. తాబేలు వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఇది నాకిష్టమని ఎవరు చెప్పారు?"

"కథలో ఉంది తాతా."

"కథ చెప్పినావిడకు ఇష్టమై ఉంటుంది. నాకు నాచు కావాలి."

నాచు తెచ్చి పెడితే తిని, అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక్కో సముద్రం దాటగానే "ఇదేనా మేఘదీవి?" అని అడిగి దాన్ని విసిగించేవాడు. ఏడో సముద్రం దాటాక తాబేలు ఒక కోట చూపించింది.

"అందులో ఒక చిలక నువ్వు వెతికే కథే చెబుతుంది. కరాళుడనే మాంత్రికుడి ప్రాణం దాని గొంతులో ఉంది. కథ నడిచినన్నాళ్ళూ వాడికి చావు లేదు. వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే కథ నడవదు కదా! అందుకే మనుషుల్ని పట్టుకొచ్చి కూర్చోబెడతాడు. జాగ్రత్త నాయనా."

విరజుడి చెవికెక్కింది ఒక్కటే, చిలకకు కథ తెలుసని. పరుగెత్తాడు.

పంజరం ముందు హేమలేఖ అనే రాకుమారి కూర్చుని ఉంది. చిన్నతనంలో ఎత్తుకొచ్చి కరాళుడు ఆమె మెడలో నల్ల తాయెత్తు కట్టాడు. అప్పటినుంచి ఆమె నోట ఊఁ తప్ప మరో మాట లేదు. విరజుణ్ణి చూసి కళ్ళతోనే వెళ్ళిపొమ్మంది.

"ఏం కావాలి?" అన్నాడు అంతలో వచ్చిన కరాళుడు.

"మేఘదీవుల కథ చివర."

కరాళుడు పొంగిపోయాడు. "కూర్చో బాబూ, కూర్చో! నీకు తాయెత్తు కూడా దండగ. తలుపు తీసి పెట్టినా పోయేవాడివి కావు." ఈ పిల్ల గొంతు ఎలాగూ బొంగురుపోయిందని ఆమె తాయెత్తు తెంపేశాడు. కోట తలుపులకు మాత్రం మంత్రపు గడియ వేశాడు.

చిలక మొదలుపెట్టింది. విరజుడు ఊఁ అన్నాడు. తెలిసిన నదులొచ్చాయి, తెలిసిన కోటలొచ్చాయి. ఊఁ, ఊఁ. చివరికి గుహ వచ్చింది.

"ధవళకేతుడు లోపల అడుగు పెట్టాడు. దీపం కనిపించింది."

ఊఁ అనబోయి విరజుడు పక్కకు చూశాడు. హేమలేఖ రెండు చేతులా తలుపు గడియ లాగుతోంది. ఆమె పెదవులు అలవాటుకొద్దీ, చప్పుడు లేకుండా, ఊఁ అని కదులుతూనే ఉన్నాయి. విరజుడికి సిగ్గేసింది. నోరు మూసుకున్నాడు.

"దీపం పక్కన ఒకామె అటు తిరిగి కూర్చుని ఉంది" అంది చిలక.

విరజుడు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"అలికిడికి ఆమె ఇటు తిరగబోయింది."

విరజుడి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కరాళుడు పరుగున వచ్చి గడ్డం పట్టుకున్నాడు. "ఒక్క ఊఁ అనరా నాయనా! ఆమె ఎవరో నీకక్కర్లేదా?"

కావాలి. కావాలనే ఏడు సముద్రాలు దాటి వచ్చాడు. అయినా నోరు విప్పలేదు. చిలక అటూ ఇటూ చూసి, వినేవాళ్ళు లేరనుకుని, రెక్కలో తల దూర్చి నిద్రపోయింది. కరాళుడు నిలుచున్నచోటే బూడిదయ్యాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఆ చప్పుడుకు చిలక లేచి, కథతో సహా ఎగిరిపోయింది.

తిరుగు ప్రయాణంలో తాబేలు వీపు మీద విరజుడు దిగులుగా కూర్చున్నాడు.

"గుహలో ఎవరున్నారో నాకు తెలుసు. చిలక చివరిదాకా చెప్పి మళ్ళీ మొదలుపెట్టేది" అంది హేమలేఖ. "చెప్పమంటారా?"

విరజుడి గుండె ఎగిరింది. కానీ అడుగుతూనే ఆమె చెయ్యి ఇదివరకు తాయెత్తు ఉన్న మెడ మీదికి పోయింది.

"వద్దు" అన్నాడు. "నీ సంగతి చెప్పు. మీ ఊరేది? ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవారు?"

ఆమె ఊరి పేరుతో మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. ఏడు సముద్రాల పొడుగునా ఆమె చెబుతూనే ఉంది, అతను ఊఁ కొడుతూనే ఉన్నాడు.

చంపావతిలో ఇద్దరికీ వైభవంగా పెళ్ళయింది. చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఆ గుహ మాట విరజుడు ఎన్నడూ ఎత్తలేదు. అడగాలని మాత్రం రోజూ అనిపించేది.