అయోడిన్ పూయను

డాక్టర్ ముక్తేశ్వరరావుకు ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, ఏదో ఒక పని చెప్పేవాడు. గోదావరి జిల్లాలోని ఒక పెద్దాసుపత్రిలో, నెలలు నిండని పసికందుల వార్డులో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టర్ మృణాళినికి ఆ అలవాటంటే ఒళ్లుమంట.

"సార్, పెద్దలు తప్పు చేయిస్తుంటే కాదనే హక్కు మాలాంటి చిన్నవాళ్లకు ఉంటుందా?" అని ఒక ఉదయం ఆమె అడిగేసింది.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఆ వార్డులో సూది గుచ్చే చోటే కాక చెయ్యో కాలో మొత్తం అయోడిన్‌తో తడపాలి, తుడవకూడదు. విభాగాధిపతి ఆజ్ఞ అది. గోధుమరంగు ఎంత ముదిరితే బిడ్డ అంత శుభ్రమని తల్లులు కూడా సంబరపడేవారు. కానీ ఏడో నెలలో పుట్టిన బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. పైన పూసింది లోపలికి ఇంకిపోతుంది. అంత అయోడిన్ వచ్చి పడితే గొంతులోని థైరాయిడ్ గ్రంథి పని మానేస్తుంది, మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను కరువవుతుంది. ఆ వార్డులోనే ఉన్న రత్నకుమారి అనే తల్లి కొడుక్కి సరిగ్గా అదే జరిగిందని రక్తపరీక్షలో తేలింది. వాడు పాలకు నోరు తెరవడు, ఏడవడు. "ఎంత బుద్ధిమంతుడో!" అని తల్లి మురిసిపోతుంటే మృణాళిని ఆ రిపోర్టు మళ్లీ తీసి చదివింది.

ముక్తేశ్వరరావు ప్రశ్న విననట్టే అయోడిన్ గిన్నె ఆమె చేతిలో పెట్టాడు. "రత్నకుమారి కొడుక్కి కొత్త సూది పెట్టాలి. ఎప్పటిలాగే పూయమ్మా."

ఆమె నిర్ఘాంతపోయింది. రిపోర్టు మొదట చూసింది ఆయనే కదా!

"వీడికా సార్?"

"వీడికే. పూయమన్నానా, లేదా?" వార్డంతా వినబడేలా గద్దించాడాయన. నర్సులు తలలు తిప్పి చూశారు.

మృణాళిని కోపంగా గిన్నె తీసుకెళ్లి సింకులో బోర్లించింది.

"పూయను సార్. వేరే మందు కొంచెం అద్ది, పని కాగానే స్టెరైల్ నీళ్లతో తుడిచేస్తాను. థైరాయిడ్ మందు కూడా ఈ రోజే మొదలుపెట్టాలి. నన్ను ఇంటికి పంపించినా సరే, వీడి ఒంటి మీద ఆ చుక్క పడనివ్వను."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి, బిడ్డ చెయ్యి కదలకుండా తానే పట్టుకున్నాడు. ఆమె సూది పెట్టింది. వాడు సన్నగా మూలిగాడు.

"రేపు హెడ్డుగారు రౌండ్సుకు వస్తారు," అన్నాడు ముక్తేశ్వరరావు, ఆ చిన్న చెయ్యి వదలకుండానే. "ఆయన ముందు కూడా గొంతు తగ్గించకు."