మంచులో పెట్టిన భూర్జ గింజలు

పూర్ణాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని పూర్తయ్యేసరికి కొందరు అడిగిన సంగతి మరిచిపోయేవారు, కొందరికి అడగవలసిన అవసరం తీరిపోయేది. మూడో రకం మనుషులు కూడా ఉంటారని వకుళమ్మ వచ్చాకే ఆశ్రమంలో తెలిసింది.

వకుళమ్మది పెనుగొండ దగ్గర పల్లె. బడికి వెళ్ళింది మూడేళ్ళే అయినా, పొలం పనులు చూసుకుంటూనే దొరికిన పుస్తకమల్లా చదువుకుంది. అరవై ఎనిమిదో ఏట హిమాలయాల్లో భాగీరథి ఒడ్డున ఉన్న ఈ చిన్న తెలుగు ఆశ్రమానికి చేరింది. గురువు పూర్ణాంబ గారు తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవారైనా నోరారా "అమ్మా" అని పిలిచేది. మొదటి మూడేళ్ళూ పాఠంలో ఆమెదే ముందు వరస. నాలుగో ఏడు వచ్చేసరికి కంఠస్థమైన శ్లోకాలు ఒక్కొక్కటే జారిపోవడం మొదలుపెట్టాయి. మొదటి పాదం చెప్పి రెండో పాదం దగ్గర ఆగిపోయేది. పక్కనున్నవాళ్ళు జాలిపడి మొదటి మాట అందించేవారు. ఆ అందించడమే ఆమెకు ములుకులా గుచ్చుకునేది. కార్తీక మాసంలో ఒకరోజు ఒక అధ్యాయం అధ్యాయమే పోయింది. ఎంత వెతుక్కున్నా ఒక్క ముక్క తగల్లేదు. ఆ రోజు నుంచి ఆమె వెనక వరసలో గోడకు చేరగిలబడి కూర్చోసాగింది.

నాలుగు రోజులు తనలో తానే కుమిలి, ఐదో రోజు పాఠం అయ్యాక పూర్ణాంబ గారి ముందు నిలబడింది. "పొద్దున విన్నది సాయంత్రానికి ఉండటం లేదమ్మా. ఇంక నేను వినడం దేనికి?" అని అడిగింది. వైశాఖంలో దారి తెరవగానే మొదటి బస్సుకే దిగువకు వెళ్ళిపోతానని కూడా చెప్పింది.

పూర్ణాంబ గారు లోపలికి వెళ్ళి ఒక గుడ్డ మూట తెచ్చారు. ఆశ్రమం గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు భూర్జ వృక్షాలు ఉండేవి. తెల్లటి బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేచి, ఎండ పడితే వెండి స్తంభాల్లా మెరిసేవి. ఆ ఏడు ఆకులు రాలకముందే విరుచుకుపడిన మంచు బరువుకు రెండూ మొదలంటా విరిగిపోయాయి. పడిపోయిన కొమ్మల కంకుల నుంచి దులిపి దాచిన గింజలే ఆ మూటలో ఉన్నవి. చూడటానికి తవుడులా ఉన్నాయి. ఒక్కొక్క గింజకు ఈగ రెక్కంత రెక్క ఉంది.

గుమ్మం ముందు మళ్ళీ రెండు చెట్లు కావాలన్నారామె. సగం గింజలు వకుళమ్మ చేతిలో పోసి ఏం చెయ్యాలో చెప్పారు. తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టి, ఉత్తరపు గోడ పక్కన మంచులో పాతిపెట్టాలి. మంచు కరిగాక తీసి, మట్టి మీద ఊరికే చల్లాలి. పైన మాత్రం మట్టి కప్పకూడదు. ఆ గింజకు చలీ కావాలి, వెలుతురూ కావాలి.

వకుళమ్మ తలూపింది గాని మనసు ఒప్పుకోలేదు. గింజను మంచులో పెట్టడమేమిటి? ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నారుమళ్ళకు మండె కట్టిన మనిషి. వడ్లు నానబెట్టి, గోనెలో మూటగట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడితే మూడో నాటికి ఆ వేడికి తెల్లగా మొలక రావలసిందే. శ్లోకాలు మరిచిపోయింది గాని ఇది మరిచిపోలేదు. చదువుకున్న ఆవిడకు వ్యవసాయం ఏం తెలుస్తుందిలే అనుకుని, గింజలు నానబెట్టి పాత ఉన్ని శాలువాలో చుట్టి, వంటింట్లో పొయ్యి గట్టు మీద పెట్టింది. రోజుకు రెండుసార్లు విప్పి చూసుకునేది.

వంట చూసే కామేశం గారు రెండు రోజులు ఊరుకుని మూడో రోజు నోరు విప్పాడు. "అక్కగారూ, ఉడికాక చెప్పండి, పోపు పెడతాను."

తొమ్మిదో రోజు మూట విప్పితే వాసన గుప్పుమంది. గింజలన్నీ బూజు పట్టి ముద్దగట్టాయి. వకుళమ్మ ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని వెళ్ళి, తాను చేసిందంతా దాచకుండా చెప్పుకుంది. పూర్ణాంబ గారు మిగిలిన సగమూ తెచ్చి ఇచ్చారు. ఆ చెట్ల గింజలు ఇంక లోకంలో ఎక్కడా లేవు. "ఈసారి మంచులో" అని మాత్రం అన్నారు.

మార్గశిరంలో మంచు మోకాలి లోతు పడ్డాక వకుళమ్మ డబ్బాను పాతిపెట్టి వచ్చింది. ఆ తరువాత చలికి దగ్గు పట్టుకుంది. పుష్యమంతా మంచం మీదే గడిచింది. మాఘంలో లేచి తిరుగుతున్నా డబ్బా సంగతి మనసులో లేదు. పాతిన చోటూ లేదు, పాతినట్టూ లేదు.

ఫాల్గుణం చివర్లో కుందన్ సింగ్ నేగీ యాపిల్ కొమ్మలు కత్తిరించడానికి వచ్చాడు. కింది ఊళ్ళో అతనికి నర్సరీ ఉంది. హోటళ్ళ ముందు అందానికి వేసే మొక్కలు పెంచుతాడు. విరిగిన భూర్జ మొదళ్ళు చూసి అయ్యో అన్నాడు. గింజల సంగతి కామేశం గారు చెబితే నవ్వాడు. నూరు గింజలు వేస్తే తనకే నాలుగు మొలవవట, అద్దాల గది ఉన్న తనకే రానిది ఇంటి పెరట్లో వస్తుందా అన్నాడు. తరువాత వకుళమ్మను చూసి, "ఇంతకీ గింజలు ఎక్కడ పెట్టారు మాతాజీ?" అని అడిగాడు.

వకుళమ్మకు ఏదో పెట్టిన గుర్తు లీలగా వచ్చింది గాని ఎక్కడన్నది రాలేదు. శ్లోకం పోతే పోయింది, తన ఒక్కదానిదే నష్టం. ఇది అందరి గుమ్మం. గింజలు ఒకసారి పాడుచేశాక, పూర్ణాంబ గారిని వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. కామేశం గారు కూడా వేళాకోళం మానేసి గడ్డపార పట్టుకుని ఆమెతో పాటు నాలుగు గోడల వెంటా తిరిగాడు. మూడో రోజు ఉత్తరపు గోడ దగ్గర మంచు వెనక్కి తగ్గి, సొట్టపడిన డబ్బా అంచు తనంతట తానే బయటపడింది.

మూత తీస్తే ఇసుక తడిగానే ఉంది. గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మొలక లేదు, పగులు లేదు. చచ్చినవాటి కింద లెక్కే అనుకుంది వకుళమ్మ. అయినా తొట్టెలో మట్టి సర్ది, ఎండ తగిలే వసారాలో పెట్టి, ఇసుకతో సహా చల్లింది. పూర్ణాంబ గారు పక్కనే నిలబడి చూస్తున్నారు. కామేశం గారు సాయం చేద్దామని గుప్పెడు మట్టి తీసి పైన కప్పబోయాడు.

వకుళమ్మ చప్పున అతని చెయ్యి పట్టుకుంది. "కప్పకూడదు కామేశం గారూ. దానికి వెలుతురు కావాలి."

అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎంత తడుముకున్నా తెలియలేదు. మాట మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. పూర్ణాంబ గారు కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పదహారో రోజు పొద్దున తొట్టె మీద పచ్చటి పొడి చల్లినట్టు కనిపించింది. కళ్ళద్దాలు తెచ్చుకుని వంగి చూస్తే, ఆవగింజలో సగం లేని రెండేసి ఆకులు. ఆ పూటకి అరవై ఒకటి, మర్నాటికి తొంభై. వకుళమ్మ లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. లెక్క తప్పినందుకు జన్మలో మొదటిసారి సంతోషించింది. ఆశ్రమంలో ప్రతివాళ్ళూ వచ్చి చూసి వెళ్ళారు. కామేశం గారు పరమాన్నం వండి మొదటి గిన్నె తెచ్చి తొట్టె పక్కన కూర్చున్న ఆమె చేతికి ఇచ్చాడు.

కబురు తెలిసి కుందన్ సింగ్ ఎక్కి వచ్చాడు. తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొలకల్ని దగ్గరగా పరిశీలించాడు. తరువాత జేబులోంచి పుస్తకం తీసి, ఏం చేశారో చెప్పమన్నాడు. వకుళమ్మ తనకొచ్చిన హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. ఇసుక ఎంత తడి ఉండాలో, శాలువాలో చుట్టినవి ఎందుకు చెడ్డాయో, చల్లాక నీళ్ళు పొయ్యకుండా ఎలా చిలకరించాలో, ఒకదాని తరువాత ఒకటి వరసగా చెప్పింది. గంటసేపు చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఎవరూ మాట అందించలేదు. మంచులో ఎన్నాళ్ళు ఉంచాలి అని అతను అడిగితే, మరిచిపోయాను నాయనా అని ఉన్నదున్నట్టు చెప్పింది. తాను తొందరపడి మూడు వారాలకే తీసేస్తున్నానని ఒప్పుకుని, అతను పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు. మూడో సూత్రం: మంచులో పెట్టి మరిచిపోవాలి. ఆ రాసింది అతను పైకి చదివి వినిపించేసరికి వసారా అంతా నవ్వులు. అందరికంటే గట్టిగా వకుళమ్మే నవ్వింది. వెళ్ళేముందు ఆమె పాదాలు తాకి, వచ్చే ఏడు తన గింజలు కూడా చూడాలని అడిగి వెళ్ళాడు.

వైశాఖం వచ్చింది. దారి తెరిచారు. దిగువకు వెళ్ళే మొదటి బస్సు మలుపు దగ్గర ఆగి హారన్ కొట్టి, కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆ వేళకు వకుళమ్మ తొట్టె మీదకు వంగి, తడిపిన దర్భలతో నీళ్ళు చిలకరిస్తోంది. వెనక అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే చాన్నాళ్ళుగా మనసులో ఉన్న మాట చెప్పింది.

"ఆ రోజు కామేశం గారిని ఆపిన మాట నాలో ఉందని నాకే తెలీదమ్మా."

పూర్ణాంబ గారు ఒక చిన్న ఆకును వేలి కొసతో తాకి చూసి అన్నారు. "మంచు కింద ఉన్నన్నాళ్ళూ వీటికి మాత్రం ఏం తెలుసు?"