కడగని మెత్తబొమ్మలు

అనగనగా, కొండలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కాలంలో, నీలగుహ అనే రాజ్యం ఉండేది. వీరకేతుడు దానికి రాజు. ఆయనకు ఇందులేఖ అని ఒక్కతే కూతురు.

ఆ పాపకు చప్పుడంటే భయం. కోటలో నగారా మోగితే చాలు, ఒళ్ళంతా వణికేది. వేళ్ళు మెలిపెట్టుకునేది, చేతులు కొరుక్కునేది. వైద్యులు వచ్చారు, మాంత్రికులు వచ్చారు. ఎవరివల్లా కాలేదు.

చివరికి అడవిలో ఉండే కోనమ్మ అనే ముసలామె చెట్ల పాలు కాచి, మూడు మెత్తబొమ్మలు చేసి తెచ్చింది. ఒకటి తాబేలు, ఒకటి కప్ప, ఒకటి చేప. గుప్పిట్లో నొక్కితే అణిగిపోయేవి. వదిలితే, నిద్రలో ఊపిరి తీసినట్టు మెల్లగా పైకి లేచేవి. వాటిని నొక్కుతూ వదులుతూ పాప తన వణుకు మరిచిపోయేది.

పాపను చూసుకునే చెలికత్తె పేరు కురంగి. బొమ్మలు ఆమె చేతికిస్తూ కోనమ్మ అంది: "ఇవి తాకినదాన్నల్లా పట్టుకుంటాయమ్మా. చెమట, జిడ్డు, దుమ్ము, ఆఖరికి మాట కూడా. రోజూ కడుగు. తడి పూర్తిగా ఆరాకే దాచు."

కురంగికి పాపంటే ప్రాణం. పని వాయిదా వేయడమంటే కూడా అంతే ఇష్టం.

ఒకనాటి మధ్యాహ్నం కోట ముందు కోలాటం మొదలైంది. పాప బెల్లం తిన్న చేతులతోనే బొమ్మల్ని నలిపింది. కురంగి వాటిని అలాగే ఇత్తడి పెట్టెలో కుక్కి, "రేపు కడుగుతాలే" అనుకుంటూ పరుగెత్తింది.

తెల్లవారి మూత తీస్తే ముక్కు అదిరింది. బొమ్మలు చెమర్చి, జిగటగా ఉన్నాయి. ఎక్కడివో వెంట్రుకలు కప్పకు అంటుకుని, దాని ఒంటి మీదే మొలిచినట్టున్నాయి. కురంగి గబగబా పన్నీరు చల్లి పాప చేతికిచ్చింది.

పాప తాబేలును నొక్కింది. అది పైకి లేవలేదు. లోపలినుంచి సన్నని గొంతు వినిపించింది. "రేపు కడుగుతాలే."

అది కురంగి గొంతే.

"అక్కా, తాబేలు నీలాగా మాట్లాడింది" అంది పాప.

"గాలి చప్పుడమ్మా" అంది కురంగి. 

ఆనాడైనా కడగలేదు. జిడ్డు మీద బియ్యప్పిండి అద్దింది. బొమ్మలు తెల్లగా, పొడిగా కనిపించాయి. "ఎవరు చూడొచ్చారులే" అని నవ్వుకుంటూ వాటిని ఒకదానిపై ఒకటి పెట్టెలో కుక్కింది.

మర్నాడు మూత తీసి కెవ్వుమంది. మూత లోపలివైపంతా పిండిలో వేలిముద్రలు. అవి పాపవి కావు. సన్నగా, పొడుగ్గా, బయటికి రావడానికి గీరినట్టున్నాయి. కప్ప నోరు కొంచెం తెరుచుకుని ఉంది. "ఎవరు చూడొచ్చారులే" అంది అది. కురంగి నవ్వినట్టే నవ్వింది కూడా.

ఇంతలో రాణి వచ్చింది. "ఏమిటే ఈ కంపు? బొమ్మలకేమైంది?"

భయంతో కురంగి నోట అబద్ధం వచ్చేసింది. "పాపే బురదలో పడేసింది, మహారాణీ!"

రాణి పాపను కసిరింది. పాప తల వంచుకుని, ఏదైనా నొక్కుకుందామని పెట్టెలో రెండు చేతులూ పెట్టింది.

ఆ అబద్ధం వినగానే లోపల మూడు బొమ్మలూ కరిగి ఒకే ముద్దయ్యాయి. తాబేలు వీపు, కప్ప నోరు, చేప తోక. పాప చేతులు అందులో మణికట్టు దాకా దిగిపోయాయి. "పాపే... పాపే..." అంటోంది ముద్ద. అన్నప్పుడల్లా కొంచెం పైకి పాకుతోంది. పాప ఏడవడం లేదు. మొహం పాలిపోయి, కళ్ళు నిలబడిపోయాయి.

రాజు వచ్చి లాగాడు. రాలేదు. భటుడు కత్తితో కోయబోతే కత్తి లోపలికి జారిపోయింది.

"మాయబొమ్మలు ఇచ్చిన ఆ కోనమ్మను పట్టి తెండి! చెరలో వేయండి!" రాజు గర్జించాడు.

 తను ఊరుకుంటే ఎవరికీ తెలియదని కురంగికి తెలుసు. కానీ పాప తండ్రిని చూడడం లేదు, తల్లిని చూడడం లేదు. తననే చూస్తోంది. బురద సంగతి అబద్ధమని ఆ పాపకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

కురంగి నేల మీద కూలబడింది. "ప్రభూ! కోనమ్మ తప్పు లేదు, పాప తప్పు లేదు. కడగకుండా దాచింది నేనే. అబద్ధమాడిందీ నేనే."

ముద్ద ఠక్కున నోరు మూసింది.

"ముందు నా బిడ్డను విడిపించు" అన్నాడు రాజు.

కురంగి గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, కుంకుడు నురగ కలిపింది. లాగలేదు, గట్టిగా తోమలేదు. వేలికొసలతో నిమురుతూ కడిగింది. నీళ్ళు నల్లబడ్డాయి. నల్లని బుడగలు లేచి, పగిలినప్పుడల్లా ఆమె మాటే గుసగుసమంది. సిగ్గుతో చచ్చిపోతున్నా చేయి ఆపలేదు. మొదటి నీళ్ళకు కప్ప విడింది. రెండో నీళ్ళకు తాబేలు విడింది. మూడో నీళ్ళు తేటగా నిలిచాయి, చేప పక్కకు జారింది, పాప చేతులు బయటికొచ్చాయి.

కురంగి బొమ్మల్ని మెత్తని గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టింది. తడి పోయాక, గాలాడే వెదురుబుట్టలో విడివిడిగా సర్దింది. ఇత్తడి పెట్టెను కోట దాటించారు.

రాజు ఆమెను వెళ్ళిపొమ్మన్నాడు. పాప ఆమె చెంగు పట్టుకుని వదల్లేదు. కూతురి మొహం చూసి రాజు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

కానీ పాప బొమ్మల్ని ముట్టుకోవడం మానేసింది. నగారా మోగితే వణికేది, కురంగి చేతులు పట్టుకుని కూర్చునేది. కురంగి "తీసుకోమ్మా" అని ఒక్కసారీ బలవంతపెట్టలేదు. రోజూ పాప కళ్ళెదుటే కడిగేది, ఆరబెట్టేది, సర్దేది.

ఒక ఉదయం పాప వచ్చి నీళ్ళ పక్కన కూర్చుంది. రెండు చేతులతో తాబేలును ముంచింది.

"దీనికి నొప్పి పుట్టకుండా కడగాలి కదా, అక్కా?"

కురంగి తలూపింది. పాప మెల్లగా నొక్కి వదిలింది. తాబేలు నిదానంగా పైకి లేచింది. లోపల ఏ గొంతూ లేదు.

కాబట్టి పిల్లలూ, మాపిన బొమ్మకైనా, చేసిన తప్పుకైనా పైపూత పనికిరాదు. ఓపికగా కడుక్కోవడమే దారి.